ఒకే కంకిలో పాలగింజ, పండుగింజ: బీటా కణాన్ని పిల్లలకు చూపించడం ఎలా?

ముప్పై మంది పిల్లలు, ముప్పై చీటీలు, మార్కాపురం పలక ఒకటి, గుప్పెడు బెల్లం ముక్కలు, పూత దాటి రెండు వారాలైన వరి కంకి ఒకటి. కావలసిన సరంజామా ఇంతే. గంటన్నర సమయం ఉండాలి. మైక్రోస్కోపు ఉంటే మంచిదే, లేకపోయినా పాఠం ఆగదు.

నేను కావలిలోనూ ఆ తర్వాత నెల్లూరులోనూ ఇంటర్ బైపీసీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. "క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను స్రవిస్తాయి" అనే ఒక్క వాక్యంతో ఏళ్ల తరబడి ఈ పాఠాన్ని ముగించేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో అప్పగించేవారు, మార్కులు వచ్చేవి. ఆ వాక్యంలో తప్పు లేదు. కాకపోతే అది వింటే బీటా కణాలన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు అనిపిస్తాయి. పుట్టిన రోజునే పని నేర్చుకొని వచ్చాయని, అన్నీ ఒకే మాట మీద ఉంటాయని అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. బీటా కణం పుట్టాక పెరగాలి. పెరిగిన తర్వాత కూడా పక్కదానిలా ఉండదు. కష్టకాలం వస్తే పెరిగిన కణం మళ్లీ పసితనంలోకి జారిపోగలదు కూడా. తాతయ్యకో అమ్మమ్మకో షుగర్ ఉన్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఉన్న ఈ రోజుల్లో, పిల్లలు ఈ మూడు సంగతులూ తెలుసుకోకుండా కళాశాల దాటడం నాకు నచ్చదు.

మీరు అధ్యాపకులైనా, ఊరి గ్రంథాలయంలో పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకొని చెప్పేవారైనా కింది పద్ధతి పనికొస్తుంది. పిల్లలు తక్కువైతే చీటీలు తగ్గించుకోండి.

ముందు చోటు చూపించండి

"క్లోమం ఎక్కడుంది?" అని అడగండి. సగం మంది పొట్ట మీద ఎక్కడో ఒకచోట చేయి పెడతారు. బొడ్డుకు కొంచెం పైన, జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకొని ఉంటుందని చెప్పండి. పొడవు జానెడు కూడా ఉండదు. పెద్దవాళ్లలో బరువు సుమారు 80 నుంచి 100 గ్రాములు. నేను రెండు పొదలకూరు నిమ్మకాయలు ఒకరి చేతిలో పెట్టి "ఇంతే" అంటాను. ఆ బరువులో నూటికి తొంభై ఎనిమిది వంతులు అన్నం అరిగించే రసాలు తయారుచేసే కణజాలమే. మిగిలిన ఒకటి, రెండు వంతుల్లోనే మన కథ ఉంది. అది కూడా ఒకచోట ముద్దగా ఉండదు, సుమారు పది లక్షల చిన్న చిన్న దీవులుగా క్లోమమంతా చల్లినట్లు ఉంటుంది.

ఆ దీవులను 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో మొదటిసారి వర్ణించాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు. అవి ఎందుకున్నాయో తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. వాటి నుంచి తీసిన ఇన్సులిన్ ఒక పిల్లవాడి ఒంట్లోకి సూదిగా ఎక్కింది 1922 జనవరిలో, టొరంటోలో. మధ్యలో యాభై మూడేళ్లు గడిచాయి. మీ ఎదుట కూర్చున్నవాళ్లు ఆ లాంగర్‌హాన్స్ కంటే మూడు నాలుగేళ్లే చిన్న. ఆ మాట చెప్పండి, వెనుక బల్ల కూడా తలెత్తుతుంది.

ఇప్పుడు పలక తీసి ఒక దీవిని గీయండి. మూడు రంగుల సుద్దముక్కలు వాడండి. మనిషి దీవిలో వంద కణాలు గీస్తే యాభై, అరవై బీటా కణాలు, ముప్పై, నలభై గ్లూకగాన్ (రక్తంలో షుగర్ పెంచే హార్మోన్) తయారుచేసే ఆల్ఫా కణాలు, ఓ పది సొమాటోస్టాటిన్ (పక్క కణాలను అదుపుచేసే హార్మోన్) తయారుచేసే డెల్టా కణాలు ఉండాలి. ఇంకో రెండు రకాలు అరుదు, ఇవాళ్టికి వదిలేయండి. ఒక జాగ్రత్త: చాలా బొమ్మల్లో బీటా కణాలు నడిమధ్య, మిగిలినవి చుట్టూ దడి కట్టినట్లు కనిపిస్తాయి. అది ఎలుక దీవి. మనిషి దీవిలో అన్నీ కలగలిసి, రక్తకేశనాళికల వెంట బారులు తీరి ఉంటాయి. ఎలుక బొమ్మను మనిషి బొమ్మగా అప్పగించడం మన పాఠాల్లో పాత అలవాటు.

ఆరుగురిని నిలబెట్టి ఒక్క కణాన్ని నడపండి

ఆరుగురు పిల్లలను వరుసగా నిలబెట్టండి. మొదటి వ్యక్తి గ్లూకోజ్‌ను లోపలికి పంపే ద్వారం. రెండో వ్యక్తి గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్. మూడో వ్యక్తి కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా. నాలుగో వ్యక్తి పొటాషియం ద్వారం, ఐదో వ్యక్తి కాల్షియం ద్వారం. ఆరో వ్యక్తి చేతిలో కాగితపు పొట్లాలు. అవి ఇన్సులిన్. బెల్లం ముక్కలు గ్లూకోజ్.

బెల్లం ముక్క మొదటి చేతి నుంచి రెండో చేతికి వెళ్తుంది. రెండో వ్యక్తికి ఒక నియమం పెట్టండి: చేతిలో ఐదు ముక్కలు చేరేదాకా ఒక్కటి కూడా ముందుకు పంపకూడదు. గ్లూకోకైనేజ్ స్వభావం అదే. రక్తంలో గ్లూకోజ్ తక్కువగా ఉంటే నింపాదిగా ఉంటుంది, పెరిగితే జోరందుకుంటుంది. దీవికి షుగర్ కొలిచే తూనిక ఇదే. మైటోకాండ్రియా ఆ బెల్లాన్ని "తిని" ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అని రాసిన చీటీ ఇస్తుంది. చీటీ అందగానే అప్పటిదాకా తెరిచి ఉన్న పొటాషియం ద్వారం మూసుకుంటుంది. అది మూసుకుంటే కణత్వచం మీద విద్యుదావేశం మారుతుంది, కాల్షియం ద్వారం తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి దూకుతుంది, ఆరో వ్యక్తి పొట్లం బయటికి విసురుతాడు.

ఏటీపీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ అణువును 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించినవారు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించాడు. పిల్లలకు సుబ్బారావు పేరు మందుల సందర్భంలో తెలిసి ఉంటుంది. అమ్మమ్మ ఇన్సులిన్ విడుదలకూ ఆయనకూ ఉన్న ఈ చుట్టరికం మాత్రం చాలామందికి తెలియదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పేయండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు సరాసరి నాలుగో వ్యక్తి దగ్గరికి వెళ్లి ద్వారం మూసేస్తాయి. బెల్లం ఎంత వచ్చిందో అడగవు. అందుకే ఆ మాత్ర వేసుకొని భోజనం మానేస్తే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి. ఏకాదశి ఉపవాసాలూ రంజాన్ ఉపవాసాలూ ఉండే ఇళ్లలో పిల్లలకు ఈ ముక్క తెలియడం అవసరం. ఉపవాసం ముందు డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలని వాళ్లే పెద్దలకు చెబుతారు.

ఒక్కో బీటా కణంలో సుమారు పదివేల పొట్లాలు ఉంటాయి. త్వచానికి ఆనుకొని సిద్ధంగా ఉండేవి కొన్నే. భోజనం తర్వాత మొదటి పది నిమిషాల్లో పడేది అవే, మిగిలినవి నిదానంగా కదిలి వస్తాయి. రెండో రకం (టైప్ 2) మధుమేహంలో ముందుగా దెబ్బతినేది ఆ మొదటి విసురే.

ఇప్పుడు దానిని పసికందుగా మార్చండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నేను మాత్రం ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

రెండో వ్యక్తిని పక్కకు పంపి, చేతికి వచ్చిన ప్రతి ముక్కనూ వెంటనే ముందుకు తోసే తొందరపాటు పిల్లవాడిని పెట్టండి. ఆట మళ్లీ నడపండి. ఒక్క ముక్క పడినా ఇన్సులిన్ విసురుతుంది, బెల్లం అయిపోయాక కూడా ఒకటీ అరా రాలుతూనే ఉంటుంది. పుట్టిన కొత్తలో బీటా కణం తీరు ఇది. ఇన్సులిన్ చేయగలదు, కానీ ఎప్పుడు ఆపాలో తెలియదు. తల్లి గర్భంలో అది ఇబ్బంది కాదు, ఎందుకంటే బొడ్డుతాడు గుండా గ్లూకోజ్ ధార తెగకుండా వస్తుంది. పుట్టాక తిండికీ తిండికీ మధ్య విరామం వస్తుంది. ఆ విరామంలో నోరు మూసుకొని ఉండటం కణం నేర్చుకోవాలి.

నేర్చుకోవడం అంటే ఇక్కడ సగం మరచిపోవడమే. మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఉండే కొన్ని పనిముట్లను పెరిగిన బీటా కణం మూలన పడేస్తుంది. తక్కువ గ్లూకోజ్‌కు కూడా ఎగబడే హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ వాటిలో ఒకటి. లాక్టేట్‌ను లోపలికి రానిచ్చే ద్వారం ఇంకొకటి. వీటిని తయారుచేయించే జన్యువులను శాస్త్రవేత్తలు "అనుమతి లేని జన్యువులు" అంటారు. ఎందుకు అనుమతి లేదో కబడ్డీతో చెప్పండి. కూత పెట్టి పరిగెత్తే పిల్లవాడి కండరాల నుంచి లాక్టేట్ రక్తంలోకి పొంగుతుంది. బీటా కణం దానిని కూడా తిండి అనుకుని ఇన్సులిన్ వదిలితే, ఆట మధ్యలో షుగర్ పడిపోయి పిల్లవాడు కూలిపోతాడు. ఇది ఊహ కాదు. ఆ లాక్టేట్ ద్వారం మూసుకోని అరుదైన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వ్యాయామం చేస్తే వారికి అలాగే జరుగుతుంది.

మరి ఈ చదువు ఎప్పుడు పూర్తవుతుంది? ఎలుకల్లో పెద్ద మలుపు పాలు మానిపించే రోజుల్లో వస్తుంది. పాలలో కొవ్వు ఎక్కువ, ఆ తర్వాత తినే గింజల్లో పిండిపదార్థం ఎక్కువ. 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎలుక పిల్లలకు పాలు మానిపించి మామూలు తిండి పెడితే బీటా కణాలు పక్వానికి వచ్చాయని, కొవ్వు తిండి పెడితే ఆ మలుపు సరిగా రాలేదని చూపించారు. ఈ మాట చెప్పగానే మా తరగతిలో ఒక అమ్మాయి "అయితే అన్నప్రాశన కణాలకు కూడానా సార్?" అంది. ఇన్నేళ్లలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. ఎలుకలో చూసినదాన్ని మన అన్నప్రాశనకు నేరుగా అతికించకూడదని జవాబు చెప్పాను. మనిషిలో ఈ పక్వత నెలలు, ఏళ్ల మీద జరుగుతుంది. బీటా కణాలు జోరుగా విభజన చెందేది కూడా పసితనంలోనే, పెద్దయ్యాక ఆ విభజన చాలా అరుదు. బిడ్డకు ఆరో నెల దాటాక అనుబంధ ఆహారం మొదలుపెట్టాలన్న వైద్యుల సలహా దాని కారణాలతో అది నిలబడుతుంది. ఈ ప్రయోగాన్ని చూపి ముందుకు జరపవద్దని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. వాళ్లు ఇంటికి వెళ్లి చెబుతారు కాబట్టి ఈ జాగ్రత్త.

పక్వత గురించి ఇంత గొడవ ఎందుకని అడిగే గడుసు పిల్లవాడు ప్రతి తరగతిలో ఉంటాడు. వాడికి మూలకణాల (వేర్వేరు రకాల కణాలుగా మారగల తొలిదశ కణాలు) కథ చెప్పండి. 2014లో హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం మనిషి మూలకణాల నుంచి గ్లూకోజ్‌కు స్పందించే బీటా కణాలను పెద్ద సంఖ్యలో తయారుచేసింది. ఇన్సులిన్ చేసే కణాన్ని సీసాలో పెంచడం అప్పటికే కష్టం కాదు. సమయానికి చేసి, సమయానికి ఆపే కణాన్ని పెంచడమే కష్టమైంది. 2025లో వచ్చిన ఒక ప్రయోగ ఫలితంలో మూలకణాల నుంచి పెంచిన దీవులను పూర్తి మోతాదులో ఎక్కించిన మొదటి రకం (టైప్ 1) మధుమేహ రోగులు పన్నెండు మందిలో పదిమందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ సూది అవసరం లేకపోయింది. అయితే ఒళ్లు ఆ కణాలను తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వేసుకోవాలి. సూదికి బదులు మాత్ర వచ్చి కూర్చుంది. పిల్లలు ఆ బేరం లాభమా నష్టమా అని వాదించుకుంటారు. ఐదు నిమిషాలు వాదించుకోనివ్వండి.

కంకి గిల్లించండి

ఇప్పుడు వరి కంకి బయటికి తీయండి. ఫిబ్రవరిలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఏ పొలం గట్టు మీద అడిగినా ఒక కంకి ఇస్తారు. కనిగిరి, దర్శి వైపువారు జొన్న కంకితో నెట్టుకురావచ్చు. వరి కంకిలో పూత పై నుంచి కిందికి దిగుతుంది. కాబట్టి పై గింజ గోటితో నొక్కితే గట్టిగా ఉంటుంది, అడుగు గింజ నొక్కితే పాలు వస్తాయి. మధ్యలోవి మెత్తని పిండిలా ఉంటాయి. తరగతిలో అందరూ తలా ఒక గింజ గిల్లి చూడాలి. ఒకే విత్తనం, ఒకే మడి, ఒకే నీరు, ఒకే కంకి. అయినా ఒక్కో గింజ ఒక్కో ఈడులో ఉంది.

దీవి కూడా ఇలాగే ఉంటుందని చెప్పండి. ఎలుకల్లో 2016లో ఒక బృందం పని బాగా చేసే పక్వ బీటా కణాలనూ, పని తక్కువ చేసి విభజన ఎక్కువ చెందే కణాలనూ ఒకే దీవిలో వేరుచేసి చూపింది. మరుసటి ఏడాది ఇంకో బృందం దీవి అంచున పాలగింజల వంటి పసి బీటా కణాలు పెద్ద ఎలుకలో కూడా ఉంటాయని చూపింది. ఇన్సులిన్ ఉంటుంది కానీ పక్వతకు గుర్తుగా చూసే యూరోకార్టిన్ 3 అనే పదార్థం వాటిలో ఉండదు. కంకితో పోలిక ఇక్కడిదాకానే చెల్లుతుందని కూడా చెప్పేయండి. గింజ ఒకసారి గట్టిపడితే మళ్లీ పాలు పోసుకోదు. కణం సంగతి అలా కాదు, అది చివర వస్తుంది.

చీటీల ఆట

పాఠానికి గుండెకాయ ఇది. ముందురోజే ముప్పై చీటీలు రాసి పెట్టుకోండి. ఒక్కో పిల్లవాడు ఒక్కో బీటా కణం, చీటీ మీది అంకె ఆ కణం పనిలోకి దిగే గ్లూకోజ్ స్థాయి. రెండింటి మీద 70, మూడింటి మీద 80, ఐదింటి మీద 90, ఆరింటి మీద 100, ఆరింటి మీద 110, నాలుగింటి మీద 120, మూడింటి మీద 140, ఒక్కదాని మీద 160. కలిపి పంచండి. పిల్లలు చీటీలు ఒకరికొకరు చూపించుకోకూడదు.

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. అన్ని చీటీల మీదా 100 రాశాను. నూరు అనగానే ముప్పై చేతులు ఒక్కసారి లేచాయి, చూడటానికి బాగుంది, పిల్లలు దీవి అంటే దీపం మీట అనుకున్నారు. ఏ తప్పును సరిదిద్దాలని మొదలుపెట్టానో ఆ తప్పునే ఆటగా కట్టి చూపించాను.

మొదటి విడత ఇలా నడపండి. పిల్లలు విడివిడిగా నిలబడాలి. మీరు 60 నుంచి పదేసి పెంచుతూ అంకెలు పిలవండి. తమ చీటీ మీది అంకె రాగానే చేయి ఎత్తి, అలాగే ఉంచాలి. ఒకరు పలక మీద లెక్క రాయాలి: 70 దగ్గర రెండు, 80కి ఐదు, 90కి పది, 100కి పదహారు, 110కి ఇరవై రెండు, 120కి ఇరవై ఆరు, 140కి ఇరవై తొమ్మిది, 160కి ముప్పై. గ్లూకోజ్ పెరిగేకొద్దీ ఒక్కో కణం ఎక్కువ ఇన్సులిన్ వదలడమే కాదు, ఎక్కువ కణాలు పనిలోకి దిగుతాయి కూడా. బ్రస్సెల్స్‌లో పిపెలీర్స్ బృందం ఎలుక బీటా కణాలను విడదీసి, ఒక్కోదానికి ఒక్కో గ్లూకోజ్ గడప (పని మొదలుపెట్టే హద్దు) ఉందని 1980లు, 90లలోనే గుర్తించింది.

ఈ అంకెలు ఆట కోసం రాసుకున్నవని, రక్తపరీక్ష కాగితం మీది అంకెలతో పోల్చకూడదని ముందే చెప్పండి. నేను చెప్పడం మరచిపోయిన ఏడాది 160 చీటీ వచ్చిన అమ్మాయి ఆటంతా చేయి దించుకొని నిలబడి, చివరికి ముఖం చిన్నబుచ్చుకొని "నాకు షుగరా సార్?" అని అడిగింది. ఆరోగ్యంగా ఉన్న దీవిలో కూడా ఆలస్యంగా స్పందించే కణాలు ఉంటాయని, అవి సోమరులు కావని, పెద్ద భోజనం పడ్డ రోజున అవి కూడా పనిలోకి దిగుతాయని ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

రెండో విడతలో అందరూ వలయంగా నిలబడి ఎడమా కుడీ ఉన్నవారిని మోచేతితో ఆనుకోవాలి. బీటా కణాలను కలిపి ఉంచే సందు ద్వారాలు ఇవి. కనెక్సిన్ 36 అనే ప్రోటీనుతో కట్టినవి. వాటి గుండా విద్యుత్తు ఒక కణం నుంచి పక్క కణానికి పారుతుంది. ఇప్పుడు నియమం మార్చండి: అంకె పిలవగానే ప్రతివారూ తన చీటీ ప్రకారం తానూ, ఎడమవారూ, కుడివారూ, ఈ ముగ్గురిలో కనీసం ఇద్దరికి అంకె అందితేనే చేయి ఎత్తాలి. పక్కవారిని చెవిలో అడగవచ్చు. కొంచెం గోల అవుతుంది, ఓర్చుకోండి.

పలక మీద రెండో వరుస లెక్క రాయించి మొదటిదాని పక్కన పెట్టండి. 80 దగ్గర ఐదుగురు ఎత్తిన చోట ఇప్పుడు సాధారణంగా ఒకరో ఇద్దరో ఉంటారు. 110 దగ్గర ఇరవై ఇద్దరు ఉన్న చోట ఇరవై ఐదు దాకా పోతుంది. చీటీలు ఎవరి పక్కన ఎవరికి పడ్డాయన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది, కానీ అంకె పెరిగేకొద్దీ చేతులు లేచే వాలు మాత్రం నిట్టనిలువు అవుతుంది. తొందరపడే కణాలను పక్కవారు పట్టి ఆపుతున్నారు, వెనుకబడిన కణాలను పక్కవారు లాక్కుపోతున్నారు. విడివిడి బీటా కణాల కంటే దీవిలోని బీటా కణాలు తక్కువ గ్లూకోజ్ దగ్గర నిశ్శబ్దంగా, ఎక్కువ గ్లూకోజ్ దగ్గర కలిసికట్టుగా ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. రకరకాల కణాలు ఉండటం లోపం కాదని పిల్లలకు అర్థమయ్యేది ఈ రెండు వరుసల లెక్క చూశాకనే. మాటలతో ఎంత చెప్పినా నాకు ఎప్పుడూ సాధ్యం కాలేదు.

సమయం ఉంటే నాయకుల ప్రశ్న ఎత్తండి. 2016లో ఎలుక దీవుల మీద కాంతితో కణాలను నిశ్శబ్దం చేసే ప్రయోగం ఒకటి జరిగింది. ఎక్కువ కణాలతో ముడిపడ్డ కొద్దిపాటి "కూడలి" కణాలను ఆపితే దీవి మొత్తం లయ తప్పిందని ఆ బృందం చెప్పింది. వేళ్ల మీద లెక్కపెట్టే కణాలు వందలాది కణాలను శాసించగలవా అని ఇతరులు అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది మనిషి బీటా కణాలను పైపొర మీది రెండు గుర్తులను బట్టి నాలుగు తెగలుగా విడదీయవచ్చని, రెండో రకం మధుమేహంలో ఆ తెగల పాళ్లు మారుతున్నాయని మరో పరిశోధన చెప్పింది. ఇవి నిజంగా తెగలా, లేక ఒకే కణం వేర్వేరు వేళల్లో వేసే వేషాలా? నా మొగ్గు రెండోదాని వైపు. కానీ మీరు తీర్పు చెప్పకండి. పాఠ్యపుస్తకంలో ఇంకా చేరని ప్రశ్న ఒకటి తమ ముందు ఉందని తెలియడం ఆ వయసులో మంచి మత్తు.

అలిసిన దీవి

చివరి విడత చిన్నది. 160 అని పిలిచి, చేతులు దించవద్దని చెప్పి మౌనంగా నిలబడండి. రెండు నిమిషాలు చాలు. చేతులు వణుకుతాయి, కొన్ని వాలతాయి. వాలిన ప్రతివారి చీటీ తీసుకొని ఖాళీ చీటీ ఇవ్వండి. "నువ్వు చచ్చిపోలేదు, నీ పని మరచిపోయావు" అనండి.

2012లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం మధుమేహం వచ్చిన ఎలుకల్లో గమనించింది ఇదే. మాయమయ్యాయనుకున్న బీటా కణాల్లో చాలావరకు చావలేదు, ఇన్సులిన్ చేయడం మానేసి, పక్వతకు ముందు ఉండే పసి లక్షణాలు తెచ్చుకున్నాయి. మనుషుల్లో ఎంతమేరకు ఇలా జరుగుతుందన్నది వాదన ఉన్న విషయమే, కణాలు చనిపోవడం కూడా ఉంది. అయినా 2017లో వెలువడిన బ్రిటన్ పరిశోధన ఒకటి ఈ ఆలోచనకు ఊతం ఇస్తుంది. రెండో రకం మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారు వైద్యుల పర్యవేక్షణలో బరువు బాగా తగ్గితే, ఏడాది చివర నూటికి నలభై ఆరుగురిలో మందులు లేకుండానే షుగర్ మధుమేహ స్థాయి కంటే కిందికి వచ్చింది. కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఖాళీ చీటీవారిలో కొందరికి పాత చీటీలు తిరిగి ఇవ్వండి. అందరికీ ఇవ్వకండి.

ఇక్కడ రెండు హెచ్చరికలు మీ నోటితోనే రావాలి. ఒకటి, ఇది విని ఎవరూ ఇంట్లో పెద్దల మాత్రలు ఆపించకూడదు. రెండు, మొదటి రకం మధుమేహం కథ వేరు. అక్కడ సొంత రోగనిరోధక కణాలే బీటా కణాలను చంపుతాయి. ఆ బిడ్డకు ఇన్సులిన్ ఒక్కపూట కూడా తప్పకూడదు. ఆకు పసరు, వేరు కషాయం అంటూ సూది మానిపించేవారు మన చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు, ఆ బిడ్డల ప్రాణం మీదికి వస్తుంది. ఈ విషయంలో మర్యాదగా మాట్లాడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

పెద్దలు అడిగే ఒక్క ప్రశ్న

ఈ ఆటను ఊళ్లో ఆడిస్తే పెద్దలు కూడా చేరతారు. ఒకసారి కందుకూరు దగ్గర ఒక పల్లెలో, అరుగు మీద కూర్చొని అంతా చూసిన పెద్దాయన "అది సరే అయ్యా, నా క్లోమంలో ఎన్ని చేతులు మిగిలి ఉన్నాయో తెలిసేది ఎలా?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.

చేతులు లెక్కపెట్టే పరీక్ష లేదు, కానీ పొట్లాల లెక్క తెలిపే పరీక్ష ఉంది. బీటా కణం ముందుగా 86 అమైనో ఆమ్లాల ప్రోఇన్సులిన్ తయారుచేస్తుంది. దానిని కత్తిరిస్తే 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్, 31 అమైనో ఆమ్లాల సి-పెప్టైడ్ విడిపోతాయి, మధ్యలో నాలుగు రాలిపోతాయి. ఒక ఇన్సులిన్‌కు ఒక సి-పెప్టైడ్, లెక్క సమానం. సూదితో ఎక్కించుకునే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి సూది వేసుకునేవారిలో కూడా సొంత క్లోమం ఎంత చేస్తోందో అది చెబుతుంది. ఇన్సులిన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది, సి-పెప్టైడ్ అరగంట దాకా నిలుస్తుంది కనుక కొలవడం కూడా తేలిక.

కాగితం చేతికి వచ్చాక అంకెను ఒంటరిగా చదవవద్దని చెప్పండి. అదే సమయంలో తీసిన షుగర్ అంకె పక్కన ఉండాలి. షుగర్ పడిపోయి ఉన్నప్పుడు సి-పెప్టైడ్ తక్కువగా ఉండటం సహజం, ఆ దీవి మౌనంగా ఉండవలసిన వేళ మౌనంగా ఉంది. షుగర్ బాగా పెరిగి ఉన్నా సి-పెప్టైడ్ అడుగంటితే అప్పుడు ఆలోచించాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే అది రక్తంలో పేరుకుపోయి ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అందరికీ ఈ పరీక్ష అవసరం కూడా లేదు, ఏ రకం మధుమేహమో అనుమానం ఉన్నప్పుడు, ఇన్సులిన్ మొదలుపెట్టాలా ఆపాలా అన్నప్పుడు వైద్యులే రాస్తారు.

పెద్దాయన అంతా విని "అంటే కొన్ని నిద్రపోతూ ఉండొచ్చు" అన్నారు. ఉండొచ్చు అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పే హక్కు నాకు లేదు.

పిల్లలను పంపే ముందు చీటీలు లెక్కపెట్టి తీసుకోండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి. 160 చీటీ మాత్రం ఎప్పుడూ తిరిగి రాదు, ఎవరో ఒకరు దాచుకుంటారు. ఇంకొకటి రాసి పెట్టుకోండి.